చిన్న మట్టి కట్టలు: పరిమాణం, ముప్పు, పరిస్థితి – మూడూ వేర్వేరు లెక్కలు

2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున, అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర, రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పి వరదలో పడింది. వంద మందికి పైగా చనిపోయారు. పట్టాల కింది చిన్న వంతెన కొట్టుకుపోవడానికి కారణం కృష్ణమ్మో గోదారో కాదు. ఎడతెగని వానకు ఎగువన చెరువు తెగి వచ్చిన నీళ్లు.

ఏటా వానాకాలంలో ‘చెరువుకు గండి’ అన్న వార్త ఏదో ఒక జిల్లా పేజీలో కనిపిస్తూనే ఉంటుంది. ఆ వెంటనే టీవీ చర్చల్లో డ్యాం సేఫ్టీ చట్టం, హజార్డ్ కేటగిరీ, వందేళ్ల వరద అన్న మాటలు వినిపిస్తాయి. ఒకాయన ఆ డ్యాం చిన్నదంటాడు, ఇంకొకాయన ప్రమాదకరమైనదంటాడు. మూడో ఆయన తనిఖీలో బాగానే ఉందని తేలిందంటాడు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఎందుకంటే ముగ్గురూ మాట్లాడేది ఒకే కట్ట గురించే అయినా, జవాబిచ్చేది వేర్వేరు ప్రశ్నలకు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలను విడదీసి చూపించే ప్రయత్నం.

చెరువు కట్ట కూడా డ్యామే

డ్యాం అనగానే నాగార్జునసాగర్, శ్రీశైలం కళ్లముందు కదులుతాయి. ఇంజినీరింగ్ లెక్కలో మాత్రం పారే నీటికి అడ్డం కట్టి నిల్వ చేసే ఏ కట్టడమైనా డ్యామే. వాగుకు అడ్డంగా మట్టి పోసి, దిమ్మిస కొట్టి, నీటి వైపు వాలుకు రాతి పరుపు వేసిన ఊరి చెరువు కట్ట ఒక మట్టి డ్యాం. కాకతీయుల కాలపు రామప్ప, లక్నవరం, పాకాల చెరువులూ అంతే.

దీనికి ముఖ్యమైన భాగాలు మూడు. నీటిని ఆపేది కట్ట. పొలాలకు నీరు వదిలేది తూము. చెరువు నిండాక ఎక్కువైన నీటిని బయటికి పంపేది అలుగు, తెలంగాణలో చాలాచోట్ల మత్తడి అంటారు. అలుగు పైఅంచు దాకా నీరు నిలిచే మట్టాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. పెద్ద వరద వచ్చినప్పుడు నీరు అంతకంటే కొంత పైకి లేచి అలుగు మీదుగా దూకుతుంది. అలా లేచిన గరిష్ఠ మట్టానికీ కట్ట తలకూ మధ్య వదిలే ఖాళీ ఎత్తును ఫ్రీబోర్డ్ అంటారు. మట్టి కట్ట ప్రాణమంతా ఆ కాస్త ఖాళీలోనే ఉంటుంది. కాంక్రీటు డ్యాం మీంచి కాసేపు నీరు పొర్లినా తట్టుకుని నిలబడొచ్చు. మట్టి కట్టకు ఆ వెసులుబాటు లేదు.

కట్ట ఎలా తెగుతుంది?

తెగే దారులు ప్రధానంగా మూడు. మొదటిది నీరు కట్ట మీంచి పొర్లడం. అలుగు పంపగలిగే దానికంటే ఎక్కువ నీరు వస్తే మట్టం పెరిగి, కట్ట ఎక్కడ కుంగి ఉంటే అక్కడి నుంచి దాటుతుంది. దిగువ వాలు మీద గాడి పడి, గాడి గండి అవుతుంది. ఎండాకాలంలో ట్రాక్టర్లు ఎక్కీ దిగీ కట్ట తల మీద పడిన ఒక చిన్న పల్లం ఆ రోజు నీటికి దారి చూపిస్తుంది.

రెండోది లోలోపల మట్టి కొట్టుకుపోవడం. ఊళ్లలో దీన్ని బుంగ పడటం అంటారు. మట్టి కట్టలోంచి ఎంతో కొంత నీరు ఊరడం సహజం, అది మంచి కట్టలోనూ ఉంటుంది. చూడాల్సింది ఆ నీటి రంగు. దిగువ పాదం దగ్గర తేటగా ఊరుతుంటే నీరు ఒక్కటే వస్తోందని అర్థం. బురద రంగు తిరిగితే నీటితో పాటు కట్ట లోపలి మట్టీ బయటికి వస్తోంది. ఊట పెరిగేకొద్దీ మట్టి పోతుంది, మట్టి పోయేకొద్దీ ఊట ఇంకా పెరుగుతుంది. తూము గోడకూ మట్టికీ మధ్య ఉండే అతుకు దీనికి అనువైన చోటు. పీతలు, ఎలుకలు తవ్విన బొరియలు, నరికేశాక లోపలే కుళ్లిపోయిన తుమ్మ వేళ్లు వదిలిన సందులు కూడా దారి ఇస్తాయి. ఇలాంటి బుంగ కనిపించినప్పుడు అనుభవం ఉన్నవాళ్లు దిగువ వైపు నుంచి దాని నోరు మూసేయరు. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి ఆ వలయంలో నీటిని నిలవనిస్తారు. నిలిచిన నీటి బరువు ఊటకు ఎదురొత్తిడి ఇస్తుంది. అప్పుడు ఊట నెమ్మదించి, మట్టి రావడం ఆగుతుంది.

మూడోది వాలు జారిపోవడం. మట్టి నీరు తాగి బరువెక్కి, పట్టు వదిలి ముక్కగా కిందికి దిగుతుంది. నిండు చెరువును ఒక్కసారిగా ఖాళీ చేస్తే ఎగువ వాలు కూడా ఇలాగే జారవచ్చు.

క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. కట్ట నుంచి నీరు కారడం అందులో ఒకటి. తక్కువ చోట ఎక్కువ నీరు చేరడం మరొకటి. ఆరున్నర శతాబ్దాల కిందటే కడప సీమలో చెరువు కట్టించినవాళ్లకు ఈ రెండు దారులూ తెలుసు.

చట్టం ముందుగా చూసేది పరిమాణం

మన దేశంలో డ్యాం భద్రతకు ప్రత్యేక చట్టం 2021లో వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 30 నుంచి అమల్లో ఉంది. ఇది అన్ని డ్యాములకూ వర్తించదు. ‘నిర్దిష్ట డ్యాం’ అన్న నిర్వచనంలోకి వచ్చే వాటికే వర్తిస్తుంది. ఎత్తు 15 మీటర్లు దాటితే నేరుగా లోపలికి వస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కిందివాటిలో కనీసం ఒకటి ఉండాలి: కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకు, అంటే దాదాపు 35 మిలియన్ ఘనపుటడుగులకు తగ్గకపోవడం, గరిష్ఠ వరద సెకనుకు 2,000 ఘనపు మీటర్లకు తగ్గకపోవడం, పునాదిలో ప్రత్యేకమైన చిక్కులు ఉండటం, లేదా డిజైన్ అసాధారణమైనది కావడం. 10 మీటర్లలోపు కట్టలకు ఈ చట్టంలో చోటే లేదు.

ఎత్తును ఎక్కడి నుంచి కొలుస్తారన్నదీ ముఖ్యమే. ఊరి వైపు నిలబడి చూస్తే కనిపించే ఎత్తు కాదది. పునాది ప్రాంతంలో అత్యంత లోతైన చోటు నుంచి కట్ట తల వరకు కొలవాలి. అందుకే చూపులకు ఎనిమిది తొమ్మిది మీటర్లున్న కట్ట కాగితం మీద పది దాటవచ్చు.

చట్టం కిందికి వచ్చిన డ్యాంకు బాధ్యుడైన యజమాని ఉంటాడు. మన దగ్గర ఎక్కువగా అది రాష్ట్ర ప్రభుత్వమే. వానలకు ముందు, వానల తర్వాత తనిఖీ చేయాలి. ప్రమాదం వస్తే ఎవరిని ఎలా తరలించాలో చెప్పే అత్యవసర ప్రణాళిక తయారుచేయాలి. ఇప్పటికే ఉన్న ప్రతి నిర్దిష్ట డ్యాంకు స్వతంత్ర నిపుణుల బృందంతో తొలి సమగ్ర భద్రతా మదింపు చట్టం వచ్చిన ఐదేళ్లలో, అంటే 2026 డిసెంబర్ 30 నాటికి జరగాలి. పైన జాతీయ డ్యాం భద్రతా సంస్థ, రాష్ట్రాల్లో రాష్ట్ర డ్యాం భద్రతా విభాగాలు పర్యవేక్షిస్తాయి.

దేశం మొత్తం మీద ఈ జాబితాలో ఉన్నవి ఆరు వేలకు పైగా డ్యాములు. తెలంగాణ ఒక్క రాష్ట్రంలోనే మిషన్ కాకతీయ కోసం లెక్కించిన చెరువులు, కుంటలు 46,531. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే, చట్టం వెలుగు పడని కట్టలు ఎన్ని ఉంటాయో ఊహించవచ్చు.

మూడు చెరువులతో ఒక లెక్క

నిర్వచనం అర్థం కావాలంటే అంకెలతో చూడాలి. కిందివి ఉదాహరణ కోసం అనుకున్న చెరువులు.

మొదటి చెరువు కట్ట ఎత్తు 6 మీటర్లు, నిల్వ 4 లక్షల ఘనపు మీటర్లు. కట్ట దిగువన అర కిలోమీటరులో ఊరు. రెండో చెరువు ఎత్తు 12 మీటర్లు, నిల్వ 12 లక్షల ఘనపు మీటర్లు. అడవిలో ఉంది, దిగువన పది కిలోమీటర్ల వరకు ఇల్లు లేదు. మూడోది 11 మీటర్ల ఎత్తు, 450 మీటర్ల పొడవు, 8 లక్షల ఘనపు మీటర్ల నిల్వ. దిగువన పొలాలు, ఒక తండా.

చట్టం ప్రకారం రెండోది మాత్రమే నిర్దిష్ట డ్యాం. మొదటిది ఎత్తు చాలక బయటే ఉండిపోతుంది. మూడోది ఎత్తులో పాసైనా పొడవులో 50 మీటర్లు, నిల్వలో 2 లక్షల ఘనపు మీటర్లు తగ్గింది. మిగతా షరతులేవీ దానికి తగలవనుకుంటే అదీ బయటే. అయితే ఆ మూడో చెరువులో పూడిక తీసి నిల్వను 10 లక్షలకు చేర్చారనుకోండి. కట్ట మీద తట్టెడు మట్టి వేయకుండానే అది చట్టం పరిధిలోకి వస్తుంది.

ఇప్పుడు మొదటి చెరువు తెగిందనుకుందాం. గండి పడినప్పుడు గరిష్ఠంగా ఎంత నీరు దూసుకొస్తుందో అంచనా వేయడానికి డేవిడ్ ఫ్రోలిక్ 1995లో ఒక సూత్రం ఇచ్చారు. నిజంగా తెగిన కట్టల సమాచారం నుంచి రాబట్టిన సూత్రమది. నిల్వ, నీటి లోతు రెండే చాలు. నీరు కట్ట తల దాకా ఉందనుకుని ఆ సూత్రంలో వేస్తే, మొదటి చెరువుకు సెకనుకు సుమారు 250 ఘనపు మీటర్లు వస్తుంది. మనకు అలవాటైన లెక్కలో దాదాపు 8,900 క్యూసెక్కులు. అంచనాయే గనుక అటూ ఇటూ చాలానే తేడా ఉండవచ్చు. కానీ ఆ చెరువు అలుగు 700 క్యూసెక్కులకు కట్టారనుకుంటే, దిగువ వాగు అలవాటు పడిన వరదకు అది పన్నెండు రెట్లకు పైనే. చెరువంతా ఆ వేగంతోనే పారితే ఖాళీ కావడానికి 27 నిమిషాలు చాలు. నిజంగా ప్రవాహం పెరిగి తగ్గుతుంది కాబట్టి ఇంకొంత సేపు పడుతుంది. అర కిలోమీటరు దూరంలోని ఊరికి మాత్రం తేరుకునే సమయం ఉండదు.

అదే సూత్రంతో రెండో చెరువుకు 29,000 క్యూసెక్కులు వస్తుంది. అంకె మూడు రెట్లకు పైనే. కానీ ఆ నీటికి ఎదురుగా మనుషులు లేరు. చట్టం తనిఖీ చేయమన్నది దీన్నే. ఊరి మీదున్న మొదటి చెరువు సంగతి నీటిపారుదల శాఖ మామూలు పనుల్లో భాగం.

ముప్పు తరగతి వేరు, కట్ట పరిస్థితి వేరు

అత్యధిక గందరగోళం ఇక్కడే. ‘హై హజార్డ్’ అని రాగానే ఆ డ్యాం కూలిపోయే స్థితిలో ఉందని జనం భయపడతారు. ఆ మాటకు అర్థం అది కాదు. తెగితే దిగువన ఎంత నష్టం అన్నదే ముప్పు వర్గీకరణ. తెగే అవకాశం ఎంత అన్న ప్రశ్న అందులో ఉండదు. అమెరికాలో తక్కువ, గణనీయం, ఎక్కువ అని మూడు తరగతులు వాడతారు. కట్ట తెగితే ఒక్క ప్రాణం పోయే అవకాశం ఉన్నా ఎక్కువ ముప్పు తరగతిలోకే వస్తుంది, కట్ట నిక్షేపంగా ఉన్నా సరే. మన కేంద్ర జల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ప్రాణనష్టం, ఆస్తినష్టం, పర్యావరణం, సాంస్కృతిక సంపద వంటివి కలిపి లెక్కేసి డ్యాములను నాలుగు తరగతులుగా విడదీస్తాయి.

కట్ట పరిస్థితిని చెప్పేది వేరే పట్టిక. తనిఖీ తర్వాత లోపాలను మూడు కేటగిరీలుగా రాస్తారు. డ్యాం తెగిపోవడానికి దారితీయగల లోపాలున్నవి మొదటి కేటగిరీ. పెద్ద లోపాలుండి త్వరగా మరమ్మతు చేయాల్సినవి రెండోది. ఆ ఏడాదిలోనే సరిచేయగల చిన్న లోపాలున్నవి మూడోది. ఇందులో అంకె చిన్నదయ్యేకొద్దీ ఆందోళన పెద్దది.

రెండు పట్టికలనూ కలిపి చదివితేనే బొమ్మ పూర్తవుతుంది. ముప్పు ఎక్కువ, కట్ట బాగుంది అంటే నిరంతర నిఘా కావాలి. ముప్పు తక్కువ, కట్ట బాగోలేదు అంటే మరమ్మతు కావాలి గానీ ఊళ్లు ఖాళీ చేయించనక్కర్లేదు. ముప్పు ఎక్కువ, కట్ట బాగోలేదు అన్న గడిలో ఉన్నవాటికే నిధులు ముందుగా వెళ్లాలి. చిన్న చెరువుల విషయంలో చిక్కేమిటంటే, చాలావాటికి ఈ రెండు పట్టికల్లో ఏదీ నింపి ఉండదు.

మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని తివరే కట్ట 2019 జులై 2 రాత్రి తెగి దిగువనున్న భేండ్‌వాడీని ఊడ్చేసింది. ఇరవై మంది దాకా ప్రాణాలు పోయాయి. కట్ట నుంచి నీరు కారుతోందని తాము ముందే ఫిర్యాదు చేశామని గ్రామస్థులు చెప్పారు. పీతలు బొరియలు చేయడం వల్లే తెగిందని అప్పటి మంత్రి ఒకరు అంటే దేశమంతా మండిపడింది. పీతల బొరియలు మట్టి కట్టకు నిజంగానే చేటు. అయితే బొరియ వల్ల ఊట వస్తుంది, ఊట కంటికి కనిపిస్తుంది. కనిపించిన ఊటను ఫిర్యాదు నుంచి మరమ్మతు దాకా తీసుకెళ్లే దారి ఎందుకు లేకపోయిందన్నదే అక్కడ అడగాల్సిన ప్రశ్న.

‘వందేళ్ల వరద’ అంటే వందేళ్లకోసారి కాదు

అలుగు ఎంత వెడల్పు ఉండాలో తేల్చడానికి భారత ప్రమాణం ఐఎస్ 11223 ఉంది. 1985 నాటిది. నిల్వ 5 లక్షల నుంచి కోటి ఘనపు మీటర్లు, నీటి ఎత్తు 7.5 నుంచి 12 మీటర్లు ఉన్నవి అందులో చిన్న డ్యాములు. నీటి ఎత్తు అంటే ఇక్కడ ఎగువ గరిష్ఠ మట్టానికీ దిగువ వాగులో మామూలు వరద మట్టానికీ ఉన్న తేడా. చిన్నవాటికి వందేళ్ల వరదను తట్టుకునే అలుగు చాలు. ఆరు కోట్ల ఘనపు మీటర్ల వరకు, 30 మీటర్ల వరకు ఉన్న మధ్యరకానికి అంతకంటే పెద్ద ప్రామాణిక వరద. ఆపైన పెద్దవాటికి ఆ ప్రాంతంలో సాధ్యమయ్యే గరిష్ఠ వరద. నిల్వ ఒక తరగతి, ఎత్తు మరో తరగతి చూపిస్తే పై తరగతినే తీసుకోవాలి. దిగువన ముప్పు ఎక్కువైతే ఇంకా పెద్ద వరదకు డిజైన్ చేసే వీలునూ ఆ ప్రమాణం ఇస్తుంది.

వందేళ్ల వరద అంటే ఏ ఒక్క ఏడాదిలోనైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద. నిరుడు వచ్చిందని ఈ ఏడు రాకుండా ఉండదు. ముప్ఫై ఏళ్లలో కనీసం ఒకసారి రావడానికి 26 శాతం, యాభై ఏళ్లలో దాదాపు 40 శాతం అవకాశం ఉంది. తెలంగాణ చెరువులన్నిటికీ సరిగ్గా వందేళ్ల వరదకు సరిపడా అలుగులే ఉన్నాయనుకున్నా, సగటున ఏడాదికి 465 చెరువులు తమ డిజైన్‌ను మించిన వరదను చూడాలి. వాన ఒక ప్రాంతం మీద కమ్ముకుని కురుస్తుంది కాబట్టి కొన్నేళ్లు ఏమీ జరగదు, ఒక్కో ఏడాది వందల చెరువులకు ఒకేసారి కష్టం వస్తుంది. గండ్లన్నీ ఒకే వారంలో పడటానికి కారణం ఇదే.

డిజైన్‌లో ఉన్న అలుగు నేల మీద అలాగే ఉంటుందన్న హామీ కూడా లేదు. రెండో పంటకు నీరు నిలవాలని ఆయకట్టు రైతులు అలుగు మీద బస్తాలు పేరుస్తారు. శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో సాగు చేసుకునేవాళ్లు, ఇళ్లు కట్టుకున్నవాళ్లు తమవి మునగకుండా దాన్ని తగ్గించమంటారు. అలుగు పారే వాగు పూడితే నీరు వెనక్కి తన్నుతుంది. అరడుగు బస్తా వరస వేసినా, ఫ్రీబోర్డ్‌లోంచి ఆ అరడుగు పోయినట్టే.

ఒకదాని కింద ఒకటి

తెలుగు నేల మీద చెరువులు విడివిడిగా ఉండవు. పై చెరువు అలుగు నీరు కింది చెరువులోకి వచ్చే గొలుసుకట్టు మనది. చిన్న చెరువుల అలుగు డిజైన్‌లో తరతరాలుగా వాడే రైవ్స్ సూత్రం దీన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కింది చెరువు పరీవాహకంలో కొంత భాగాన్ని పై చెరువులు అడ్డుకుంటున్నాయి కనుక ఆ మేరకు వరదను తగ్గించి చూపిస్తుంది. ఈ తగ్గింపు వెనుక ఒక నమ్మకం ఉంది: పై చెరువు నిలబడుతుందని. అది తెగిన రోజున కింది అలుగు లెక్క మొత్తం తప్పుతుంది. అందువల్ల గొలుసులో పైనున్న చిన్న కుంట ముప్పును దాని నీటితో మాత్రమే కొలవకూడదు, దాని కింద వరసగా ఉన్న చెరువుల నీటితో కలిపి కొలవాలి.

2021 నవంబర్ 19న కడప జిల్లా చెయ్యేరు నది మీద జరిగింది పెద్ద కొలతలో ఇదే. ఎగువన పింఛా ప్రాజెక్టు తెగింది, దిగువన రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, తొగూరుపేట, మందపల్లి వంటి ఊళ్లు కకావికలమయ్యాయి. పింఛా నిల్వ సుమారు 0.32 టీఎంసీలు, అంటే 90 లక్షల ఘనపు మీటర్లు. నిల్వ ఒక్కటే చూస్తే ఐఎస్ 11223 ప్రకారం అది చిన్న తరగతే. అన్నమయ్య 2.24 టీఎంసీలు, అంటే 6.3 కోట్ల ఘనపు మీటర్లు. పెద్ద తరగతి గీతను కాస్త దాటింది. డిజైన్ చేసింది 2.17 లక్షల క్యూసెక్కులకు, వచ్చింది 3.2 లక్షల క్యూసెక్కులని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయకపోవడమే కొంప ముంచిందని విమర్శకులు అన్నారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. సామర్థ్యానికి మించిన వరద వచ్చినప్పుడు ఒక గేటు తెరుచుకోకపోతే ఉన్న సామర్థ్యం కూడా తగ్గుతుంది.

2024 జులై 18న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు మట్టి కట్ట తెగింది. కట్ట తెలంగాణలో, నీరు ముంచింది ఎక్కువగా ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుక్కునూరు వైపు. ఆయకట్టులో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్‌దే. మరమ్మతు ఖర్చు ఎవరిది, నిఘా ఎవరిది అన్న ప్రశ్నలు రెండు రాష్ట్రాల మధ్య నిలిచాయి. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరు దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

ఊరు పెరిగితే తరగతి మారుతుంది

కట్ట ఎత్తు, నిల్వ ఏళ్ల తరబడి పెద్దగా మారవు. ముప్పు తరగతి మాత్రం మారుతూనే ఉంటుంది, కట్ట మీద ఎవరూ చెయ్యి వేయకుండానే. దిగువన పొలాలున్నప్పుడు తెగితే పోయేది పంట. ఆ పొలాలు ప్లాట్లై ఇళ్లు లేస్తే పోయేది ప్రాణాలు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ శివార్లలో ఇది కళ్లారా చూశాం. అప్పచెరువు తెగి గగన్‌పహాడ్ దగ్గర బెంగళూరు జాతీయ రహదారి మీదికి నీరు దూసుకొచ్చి మనుషులను లాక్కుపోయింది. పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి దిగువ కాలనీలు మునిగాయి. ఇవి కట్టిన నాడు వీటి కింద అన్ని ఇళ్లు లేవు.

ఇక్కడ ఒక న్యాయమైన వాదన ఉంది. కట్ట ముందు నుంచీ ఉంది, ఇళ్లు తర్వాత వచ్చాయి. పెరిగిన ముప్పుకు తగ్గట్టు అలుగు వెడల్పు చేయాలంటే ఆ ఖర్చు ఎవరు భరించాలి? చెరువును చూసుకునే శాఖా, లేఔట్‌కు అనుమతిచ్చిన స్థానిక సంస్థా, ప్లాటు అమ్మినవాళ్లా? ఇల్లు కొన్నవాళ్లకు తమ పైన చెరువు ఉందన్న సంగతి ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దుల గురించి ఇప్పుడు చాలా చర్చ జరుగుతోంది. అవన్నీ చెరువు లోపలి వైపు, అంచుల వైపు గీసే గీతలు. కట్ట తెగితే నీరు పోయే దిగువ వైపున ఎక్కడా గీత లేదు.

పరిమితి ఎక్కడ పెట్టాలి?

చట్టంలోని పరిమితిని తగ్గించి చిన్న కట్టలను కూడా చేర్చాలన్నది ఒక వాదన. బ్రిటన్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 1925లో వేల్స్‌లోని డాల్గరాగ్‌లో పైనున్న డ్యాం తెగి కింది డ్యాంను కూడా తెంచి 16 మందిని బలిగొంది. ఆ తర్వాత 1930లో రిజర్వాయర్ల భద్రతా చట్టం తెచ్చారు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో చట్టం పరిధి ఎత్తుతో నిమిత్తం లేకుండా, నేల మట్టానికి పైన 25,000 ఘనపు మీటర్ల నిల్వ నుంచి మొదలవుతుంది. వేల్స్‌లో అది 10,000. మన ఉదాహరణలోని మొదటి చెరువు ఇంగ్లండ్ పరిమితికి పదహారు రెట్లు.

దీనికి ఎదురు వాదన తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. 46,531 చెరువులకు ఏడాదికి రెండు తనిఖీలంటే 93 వేల తనిఖీలు. అన్నిటికీ ఇంజినీర్లు దొరకరు. దొరకనప్పుడు తనిఖీ ఆఫీసులోనే పూర్తయి, ‘బాగుంది’ అన్న సంతకం ఫైల్లో చేరుతుంది. అలాంటి సంతకం ఏ సంతకమూ లేకపోవడం కంటే ప్రమాదం. పైగా నిజంగా చూడాల్సిన పెద్ద డ్యాముల మీది శ్రద్ధ పలచబడుతుంది.

మూడో వాదన ఊరివాళ్లకే అప్పగించమంటుంది. వాన కురిసే రాత్రి కట్ట మీద ఉండేది చెరువు నీటిని చూసుకునే నీరటే గానీ ఇంజినీరు కాదు. బుంగను మొదట చూసేదీ ఆయనే. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు కూడా. ఇందులో నిజం చాలా ఉంది. అయితే సంఘంలో ఉండేది ఆయకట్టు రైతులు, అలుగు మీద బస్తాలు పెట్టాలనుకునేదీ వాళ్లలో కొందరే. కట్ట తెగితే కొట్టుకుపోయే కాలనీవాసులకు ఆ సంఘంలో ఓటు లేదు.

నా ఉద్దేశంలో ఎత్తు పరిమితిని పది నుంచి ఏడుకో ఐదుకో దించడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ముందు జల్లెడ పట్టాల్సింది దిగువ వైపును. చెరువు ఎక్కడుందో, కింద రెండు మూడు కిలోమీటర్లలో ఇళ్లు, బడి, రోడ్డు ఉన్నాయో లేవో ఉపగ్రహ చిత్రాలు చూసి ఆఫీసులో కూర్చునే తేల్చవచ్చు. ఆ జల్లెడలో మిగిలినవాటికి మాత్రమే మనిషి కట్ట మీదికి వెళ్లి, తూము పక్కన తడి ఉందా, కట్ట తల ఎక్కడైనా కుంగిందా, అలుగు మీద బస్తాలున్నాయా అని చూసి రావచ్చు. ఆ జల్లెడలో ఎన్ని నిలుస్తాయో తెలిస్తే, ఇంజినీర్లు చాలరన్న వాదన ఎంత బలమైనదో కూడా తేలుతుంది.

ఈ పద్ధతి మన దేశంలో కొత్తదేమీ కాదు. పట్టాలకు ముప్పు తేగల చెరువులు, కట్టడాల జాబితాను రైల్వే విడిగా ఉంచుకుంటుంది. వానాకాలానికి ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని తనిఖీ చేయాలన్నది వారి నియమం. ఆ జాబితాలో చేరడానికి కట్ట పది మీటర్లు ఉండనక్కర్లేదు, పది లక్షల ఘనపు మీటర్లు నిల్వ ఉండనక్కర్లేదు. కింద రైలు పట్టా ఉంటే చాలు. ఇళ్లకు, బళ్లకు, బస్సులు తిరిగే కల్వర్టులకు ఎగువనున్న చెరువులకు మాత్రం అలాంటి జాబితా తయారు చేయాలని డ్యాం సేఫ్టీ చట్టం ఎవరినీ అడగడం లేదు.